మూగజీవాన్ని హింసించారని ఫిర్యాదు: కేసు నిలబడేలా ఎలా రాయాలి

జంతువును హింసించారని పోలీస్ స్టేషన్‌కు వెళ్తే తరచూ వినిపించే మాట ఒకటుంది: "ఇది మేం కేసు కట్టేది కాదండీ, కోర్టుకెళ్లండి." వినగానే ఒళ్లు మండుతుంది. కానీ కొన్ని నేరాల విషయంలో ఆ మాట చట్టప్రకారం సరైనదే. ఏ నేరాలకు సరైనదో, ఏ నేరాలకు కాదో తెలిసి వెళ్లినవాళ్ల పని ముందుకు కదులుతుంది. తెలియకుండా వెళ్తే, "కఠిన చర్యలు తీసుకోగలరని ప్రార్థన" అని ఒక కాగితం రాసిచ్చి, రసీదు కూడా లేకుండా ఇంటికి రావాల్సి వస్తుంది.

2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ స్థానంలో కొత్త సంహితలు వచ్చాయి. నెట్‌లో దొరికే పాత నమూనా ఫిర్యాదుల్లో 428, 429, 154 అనే నంబర్లే ఇంకా కనిపిస్తుంటాయి. ఆ తేదీ తర్వాత జరిగిన ఘటనకు వాటిని కాపీ కొట్టవద్దు.

చట్టం అడిగే ప్రశ్న ఏమిటి

1960 నాటి జంతు హింస నిరోధక చట్టాన్ని అందరూ పీసీఏ అనే పిలుస్తారు. జంతువుతో పని చేయించుకోవడాన్నీ, తిండికోసం చంపడాన్నీ ఆ చట్టం నిషేధించలేదు. "అనవసరమైన నొప్పి లేదా బాధ" కలిగించడాన్నే నేరమంటుంది. దీని వెనకున్నది సంక్షేమవాదం: మనిషి జంతువును వాడుకోవచ్చు, కానీ దానికీ బాధ ఉంటుంది కాబట్టి అవసరం దాటి హింసించకూడదు. జంతువు ఆలోచించగలదా, మాట్లాడగలదా అన్నది కాదు, బాధపడగలదా అన్నదే అసలు ప్రశ్న అని ఆంగ్ల తత్వవేత్త బెంథామ్ 1789లో లేవనెత్తిన వాదం నుంచి వచ్చిన ధోరణి ఇది. హక్కుల వాదం ఇంతకంటే దూరం వెళ్తుంది. ప్రతి జంతువుకూ తనదైన జీవితం ఉంది, దాన్ని ఇంకొకరి అవసరానికి సాధనంగా చూడటమే తప్పు అని టామ్ రీగన్ వంటి తత్వవేత్తలు వాదించారు.

ఫిర్యాదు రాసేవాళ్లలో చాలామంది మనసులో ఉండేది రెండో వాదం. చట్టంలో ఉన్నది మొదటిది. ఫిర్యాదులు గాడి తప్పేది ఇక్కడే. "కోడిపుంజుకూ బతికే హక్కుంది" అని రాస్తే ఎస్ఐ చేయగలిగింది ఏమీ లేదు. "ఫలానా తోటలో బరి కట్టి, మనిషికింత అని వసూలు చేసి పందేలు నడిపారు" అని రాస్తే చేయాల్సింది చాలా ఉంది.

జల్లికట్టుపై 2014 మే 7న ఇచ్చిన నాగరాజ తీర్పులో సుప్రీంకోర్టు హక్కుల భాషకు బాగా దగ్గరగా వెళ్లింది. రాజ్యాంగం 21వ అధికరణలోని జీవితం అనే మాటను జంతువులకూ విస్తరించి చదివింది. ఆకలిదప్పులు, అసౌకర్యం, నొప్పి, భయం లేకుండా, సహజ ప్రవర్తనకు ఆటంకం లేకుండా బతకడమనే ఐదు స్వేచ్ఛలను పీసీఏ 3, 11 సెక్షన్లలోకి తెచ్చింది. 2023 మే 18న అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం మాత్రం జల్లికట్టు వంటి ఆటలకు వీలిస్తూ తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసిన సవరణ చట్టాలను సమర్థించింది. జంతువులకు ప్రాథమిక హక్కులున్నాయని తేల్చడానికి ముందుకు రాలేదు. కాబట్టి రాజ్యాంగ వాదన హైకోర్టులో రిట్ వేసినప్పుడు పనికొస్తుంది. స్టేషన్ ఫిర్యాదులో దానికి ఒక్క పేరా కూడా ఖర్చుపెట్టవద్దు.

స్టేషన్ ఫిర్యాదులో తేలాల్సింది "అనవసరమైన" అన్న మాట. మూడు విషయాలు చూడండి. ఆ పనికి చట్టం ఒప్పుకునే ఉద్దేశం ఏదైనా ఉందా? అదే పని తక్కువ బాధతో అయ్యేదా? కలిగించిన బాధ ఆ ఉద్దేశానికి తగినంతలో ఉందా? మీదికొచ్చే కుక్కను కర్రతో అదిలించడం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. పడుకున్న కుక్క మీద యాసిడ్ పోయడానికి అసలు ఉద్దేశమే చూపలేరు. చిక్కు మధ్యలో వస్తుంది. మెడ మీద కాడి పుండు పచ్చిగా ఉన్న ఎద్దును బండికి కట్టారనుకోండి. బండి తోలడం న్యాయమైన పనే. కానీ పుండు మానేదాకా ఆగడమో, వేరే ఎద్దును కట్టడమో సాధ్యమే. ఫిర్యాదులో రాయాల్సింది ఈ రెండో మాట. రాయకపోతే "బతుకుతెరువు సార్" అన్న ఒక్క జవాబుతో కేసు ముగుస్తుంది.

ఏ క్లాజు కిందకు వస్తుందో ముందు తేల్చుకోండి

పీసీఏ సెక్షన్ 11(1)లో ఏ నుంచి ఓ దాకా క్లాజులున్నాయి. ఎక్కువగా అవసరపడేవి ఇవి. కొట్టడం, తన్నడం, అతిగా బరువు వేయడం, చిత్రహింస పెట్టడం: (ఏ). వయసు, జబ్బు, గాయం వల్ల పనికిరాని జంతువుతో పని చేయించడం: (బి). బాధ కలిగేలా వాహనంలో కుక్కి తీసుకెళ్లడం: (డి). కదలడానికి వీల్లేని బోను: (ఇ). మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం: (ఎఫ్). యజమాని తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం: (హెచ్). ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో వదిలేసి పోవడం: (ఐ). అంగచ్ఛేదం చేయడం, క్రూరంగా చంపడం: (ఎల్). ఇందులో వీధికుక్కల ప్రస్తావన నేరుగా ఉంది. జంతువుల పోరు నడపడం, అందుకు స్థలం ఇవ్వడం, లోపలికి వదలడానికి డబ్బు తీసుకోవడం: (ఎన్).

సెక్షన్ 31 ప్రకారం వీటిలో (ఎల్), (ఎన్), (ఓ) క్లాజులు, పాల కోసం చేసే ఫూకా (పశువు జననాంగంలోకి గాలి ఊదడం), హానికర ఇంజెక్షన్లకు సంబంధించిన సెక్షన్ 12 మాత్రమే కాగ్నిజబుల్. అంటే పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టి దర్యాప్తు చేయాల్సిన నేరాలు. మిగతావి నాన్ కాగ్నిజబుల్. మేజిస్ట్రేట్ ఆదేశం లేనిదే వాటిపై పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. "కోర్టుకెళ్లండి" అనే మాట పుట్టింది ఇక్కడే. శిక్షలూ అంతే: సెక్షన్ 11 కింద మొదటి నేరానికి రూ.10 నుంచి రూ.50 జరిమానా. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే రూ.25 నుంచి రూ.100, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. 1960 తర్వాత రూపాయి విలువ ఏమైందో ఈ సెక్షన్‌కు ఇంకా తెలిసినట్టు లేదు.

అందుకే భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 325 కీలకం. జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా, పనికిరాకుండా చేసినా అయిదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇది కాగ్నిజబుల్. బెయిల్ మాత్రం వస్తుంది. పాత 428, 429 సెక్షన్లలో ఉన్న పది రూపాయలు, యాభై రూపాయల విలువ లెక్క ఇందులో లేదు. ఇంకో మేలు: ఒకే ఘటనలో ఒక్క కాగ్నిజబుల్ నేరమున్నా, భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 174(4) ప్రకారం మొత్తం కేసును కాగ్నిజబుల్‌గానే చూడాలి. అంటే కొట్టడంతో పాటు కాలు విరిగి ఉంటే, 11(1)(ఏ)ని కూడా కలిపే దర్యాప్తు చేయవచ్చు.

అలాగని ప్రతి ఫిర్యాదులో 325 తగిలించకూడదు. అది మిస్చిఫ్ నేరం. ప్రజలకో ఒక వ్యక్తికో నష్టం కలిగించే ఉద్దేశం, లేదా కలుగుతుందన్న ఎరుక ఉన్నట్టు చూపాలి. యజమాని లేని వీధికుక్క విషయంలో "నష్టం ఎవరికి?" అని డిఫెన్స్ లాయర్ అడగడం ఖాయం. ఆ కుక్కకు కాలనీవాళ్లు తిండి పెడుతున్నారని, టీకాలు వేయించారని, మున్సిపాలిటీ ఆపరేషన్ చేయించిందని చూపే కాగితాలు జతచేయండి. పక్కనే 11(1)(ఎల్)ను తప్పకుండా రాయండి. ఒకటి జారినా రెండోది పట్టుకుంటుంది. జంతువుపై లైంగిక హింస జరిగితే వెతకడానికి పాత 377 ఇప్పుడు లేదు. 11(1)(ఏ), గాయం తీవ్రతను బట్టి 325, ఇవే దారులు.

మొదటి కొన్ని గంటలు

ముందు జంతువు, తర్వాత కేసు. పశువులకైతే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. హింస ఇంకా జరుగుతూ ఉంటే 112. లారీని మీరే అడ్డగించడం, గేటు దూకి బోను తెరవడం చేయవద్దు. అక్రమ ప్రవేశం కేసు మీమీద పడితే మీ సాక్ష్యం విలువ సగానికి పడిపోతుంది.

ఫొటోలు మూడు దూరాల నుంచి తీయండి. చోటు గుర్తుపట్టేలా షాపు బోర్డో, కరెంటు స్తంభం నంబరో కనిపిస్తూ ఒకటి. జంతువు మొత్తం కనిపిస్తూ ఒకటి. గాయం దగ్గర నుంచి, పక్కన స్కేలో నాణెమో పెట్టి ఒకటి. వీడియోకు పాట కలపడం, ముక్కలు కత్తిరించడం, మీద అక్షరాలు వేయడం వద్దు. వాట్సాప్‌లో పంపితే ఫైలు కుదించుకుపోతుంది, హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంకేత సంఖ్య) మారిపోతుంది. అసలు ఫైలు తీసిన ఫోన్‌లోనే ఉంచి, పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా కాపీ చేయండి. కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) సర్టిఫికెట్ కావాలి. ఫోన్ మీదైతే అందులో పార్ట్-ఎ మీరు, పార్ట్-బి నిపుణుడు నింపాలి. హాష్ విలువ రాయాల్సింది అందులోనే. సీసీటీవీ ఉంటే ఆ రోజే యజమానికి రాతపూర్వకంగా చెప్పండి. చాలా డీవీఆర్‌లు కొద్ది రోజుల్లోనే పాత దృశ్యాల మీద కొత్తవి రాసేస్తాయి.

పశువైద్యుడి సర్టిఫికెట్ లేకుండా 325 నిలవడం కష్టం. "గాయాలున్నాయి" అని రాస్తే సరిపోదు. ఏ అవయవం, ఎన్ని సెంటీమీటర్లు, మొద్దు వస్తువు వల్లా పదునైనదాని వల్లా, తాజా గాయమా పాతదా, ఎముక విరిగితే ఎక్స్‌రే, శాశ్వతంగా అవిటిదయ్యే అవకాశముందా: ఇవి ఉండాలి. అవిటితనం గురించిన ఆ ఒక్క వాక్యం మీదే సెక్షన్ ఆధారపడుతుంది కాబట్టి, డాక్టర్‌గారిని అడిగి రాయించుకోండి.

విషం పెట్టారని అనుమానముంటే కళేబరాన్ని పూడ్చవద్దు. వీలైనంత త్వరగా చల్లగా ఉంచాలి, గడ్డకట్టించకూడదు. పోలీసుల లేఖతో ప్రభుత్వ పశువైద్యశాలలో పోస్టుమార్టం చేయించాలి. పొట్ట, అందులోని పదార్థం, కాలేయం, మూత్రపిండాల నమూనాలు వేర్వేరు సీసాల్లో, సంతృప్త ఉప్పునీటిలో, సీలు వేసి ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్లాలి. ఫార్మలిన్‌లో వేస్తే కణజాల పరీక్షకు పనికొస్తాయి గానీ విష పరీక్షకు పనికిరావు. చాలాచోట్ల కేసు చేజారేది ఈ సీసా దగ్గరే. దగ్గర్లో పడున్న మాంసం ముక్క, ఇడ్లీ ముక్క లాంటి ఎర కనిపిస్తే మీరు ముట్టుకోకుండా, పంచనామాలో పోలీసులే స్వాధీనం చేసుకునేలా చూడండి.

ఫిర్యాదు కాగితం

సాధారణంగా వచ్చే ఫిర్యాదు ఇలా ఉంటుంది: "మా వీధిలో ఒక వ్యక్తి మూగజీవమైన కుక్కను అత్యంత దారుణంగా, మానవత్వం లేకుండా కొట్టాడు." ఇందులో కోపం తెలుస్తోంది, నేరం తెలియడం లేదు. అదే విషయం ఇలా రాయాలి:

"ఫలానా తేదీ ఉదయం 7.40 గంటలకు, ఫలానా వీధిలో 4వ నంబరు ఇంటి ముందు, పై చిరునామాలో ఉండే ఫలానా వ్యక్తి, పడుకుని ఉన్న గోధుమరంగు ఆడకుక్కను ఇనుప పైపుతో మూడుసార్లు కొట్టాడు. అప్పుడు కుక్క ఎవరి మీదికీ రాలేదు. వెనక కుడికాలు విరిగింది. వైద్య సర్టిఫికెట్, ఎక్స్‌రే జత చేశాను. నేను మా ఇంటి బాల్కనీ నుంచి, సుమారు 10 మీటర్ల దూరం నుంచి చూశాను. ఇంకా ఇద్దరు చూశారు, వారి పేర్లు కింద ఉన్నాయి. వీడియో నా ఫోన్‌లో ఉంది."

"ఎవరి మీదికీ రాలేదు" అన్న చిన్న వాక్యమే "అనవసరమైన" అన్న అంశాన్ని నిలబెడుతుంది. మీరు చూసింది వేరు, విన్నది వేరు. రెండూ కలిపి రాయవద్దు. పేరు తెలియకపోతే "గుర్తు తెలియని వ్యక్తి" అని రాసి వయసు, ఒడ్డూపొడుగూ, బండి నంబరు ఇవ్వండి. సెక్షన్లు చివర్లో రాయండి. తప్పు సెక్షన్ రాసినంత మాత్రాన ఫిర్యాదు చెల్లకుండా పోదు, కానీ తప్పు వాస్తవం రాస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో దొరికిపోతారు.

స్టేషన్‌లో, ఆ తర్వాత

కాగ్నిజబుల్ నేరమైతే నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173 కింద ఎఫ్ఐఆర్ కట్టాలి. ఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా తీసుకోవాలి. ఈమెయిల్ లాంటి ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఒక సంగతి గుర్తుంచుకోండి: మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసి తేల్చే వీలు 173(3) ఇచ్చింది. 325 ఈ కోవలోకే వస్తుంది. కాబట్టి "విచారించి చెబుతాం" అంటే అది తప్పించుకోవడమే కానక్కర్లేదు. 14 రోజుల గడువు మాత్రం క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి.

తీసుకోకపోతే 173(4) కింద ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అక్కడా కదలిక లేకపోతే ఆ రసీదు, ప్రమాణ పత్రంతో 175(3) కింద మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. ఎస్పీ మెట్టు ఎక్కకుండా నేరుగా కోర్టుకు పోతే పిటిషన్ వెనక్కి వస్తుంది.

నాన్ కాగ్నిజబుల్ అయితే సెక్షన్ 174 కింద పుస్తకంలో నమోదు చేసి, మిమ్మల్ని మేజిస్ట్రేట్ దగ్గరకు పంపాలి. "కోర్టుకెళ్లండి" అన్నా సరే, ఆ నమోదు నంబరు తీసుకోకుండా రావద్దు. తర్వాత సెక్షన్ 223 కింద ప్రైవేట్ ఫిర్యాదు వేయవచ్చు. ఇందులో మీరూ సాక్షులూ ప్రమాణం చేసి వాంగ్మూలం ఇవ్వాలి, నిందితుడికి తన మాట చెప్పుకునే అవకాశం ముందే ఇస్తారు.

గడువు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. పీసీఏ సెక్షన్ 36 ప్రకారం నేరం జరిగిన మూడు నెలలు దాటాక ఆ చట్టం కింద ప్రాసిక్యూషన్ మొదలుపెట్టడానికి వీల్లేదు. స్టేషన్‌లో కాగితం ఇచ్చిన తేదీని నమ్ముకుని కూర్చోవద్దు. రెండు నెలలకు కదలిక లేకపోతే లాయర్‌తో కోర్టు ఫిర్యాదు సిద్ధం చేయించండి. 325కు ఈ మూడు నెలల గడువు లేదు.

ఈలోగా జంతువు నిందితుడి దగ్గరే ఉంటే? కానిస్టేబుల్ కంటే పై స్థాయి పోలీసు అధికారి ఎవరైనా పీసీఏ సెక్షన్ 34 కింద దాన్ని స్వాధీనం చేసుకుని పశువైద్యుడికి చూపించవచ్చు. నేరం కాగ్నిజబుల్ అయితేనే అన్న షరతు ఆ సెక్షన్‌లో లేదు. ఇది తెలిసి అడిగేవాళ్లు తక్కువ. స్వాధీనమైన జంతువును ఎక్కడ ఉంచాలి, ఖర్చు ఎవరు భరించాలి అన్నది 2017 నాటి కేస్ ప్రాపర్టీ జంతువుల సంరక్షణ నిబంధనలు చెబుతాయి: ఎస్‌పీసీఏ (జంతు హింస నిరోధక సంఘం), గోశాల, పింజ్రపోల్ (ముసలి, జబ్బు పశువుల ఆశ్రయం) వంటి చోట్ల ఉంచి, మేత, వైద్యం ఖర్చులకు నిందితుడి నుంచి బాండు రాయించుకోవచ్చు. కోర్టులో మొదటి వాయిదాకే ఆ పిటిషన్ వేయాలి. ఆలస్యమైతే "నా పశువు నాకు ఇప్పించండి" అన్న అవతలి పిటిషన్ ముందుగా విచారణకు వస్తుంది.

వేరే దారి పట్టాల్సినవి

పంజరంలో రామచిలుక, ఇంట్లో నక్షత్ర తాబేలు కనిపిస్తే అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం విషయం. అటవీశాఖకు చెప్పండి, అక్కడ శిక్షలు పీసీఏతో పోల్చలేనంత ఎక్కువ.

పశువుల లారీల విషయంలో 1978 రవాణా నిబంధనలు పట్టుకోండి: ఒక సరుకు లారీలో ఆరు పశువులకు మించకూడదు, ప్రయాణానికి తగినట్టున్నాయని పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండాలి, కాలు జారకుండా నేలమీద ఏర్పాటు ఉండాలి. లెక్కపెట్టగలిగిన నిబంధన ఉన్నచోట "బాధ" గురించి వాదించే పని తప్పుతుంది. బరువులు మోసే జంతువులకు 1965 నిబంధనల్లోనూ ఇలాంటి లెక్కలే ఉన్నాయి. గాడిదపై 50 కిలోలకు మించకూడదు. రోజుకు మొత్తం తొమ్మిది గంటలు, విరామం లేకుండా అయిదు గంటలు దాటకూడదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా కట్టకూడదు. మన ఎండల్లో ఈ చివరి నిబంధన ఒక్కటే చాలు.

సంక్రాంతి కోడిపందేల మీద పోలీసులు సాధారణంగా జూద చట్టం కింద కేసు కడతారు. ఫిర్యాదులో 11(1)(ఎన్) కూడా రాసి, తోట ఎవరిదో, బరి ఎవరు కట్టారో, టికెట్ డబ్బు ఎవరు వసూలు చేశారో విడివిడిగా చెప్పండి. స్థలం ఇచ్చిన ఆసామి కూడా ఆ క్లాజులోకి వస్తాడు. చూడటానికి వెళ్లినవాడు రాడు.

వీధికుక్కలను మున్సిపాలిటీ పట్టుకెళ్లడంపై ఫిర్యాదైతే 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు చూడాలి. శస్త్రచికిత్స, టీకా తర్వాత పట్టుకున్న చోటే వదలాలన్నది అందులోని మూలసూత్రం. అయితే సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22 ఉత్తర్వు రేబిస్ సోకిన, దూకుడుగా ఉన్న కుక్కలను మినహాయించింది. తిండి పెట్టడానికి ప్రత్యేక స్థలాలు చూపాలంది. నవంబర్ 7 ఉత్తర్వు బడులు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల వంటి చోట్ల పట్టుకున్నవాటిని తిరిగి అక్కడ వదలవద్దంది. ఆ తర్వాత ఏ ఉత్తర్వు వచ్చిందో చూసుకున్నాకే కాగితం రాయండి.

శిక్ష పడే రోజు కోసం ఇప్పుడే రాయాల్సినది

సెక్షన్ 11 కేసుల్లో నిందితుడు తప్పు ఒప్పుకుని రూ.50 కట్టి, జంతువును తోలుకుని వెళ్లిపోవచ్చు. అది ఆగాలంటే పీసీఏలోనే సెక్షన్ 29 ఉంది. యజమానికి శిక్ష పడినప్పుడు, జంతువు మళ్లీ అతని దగ్గరే ఉంటే హింస కొనసాగుతుందని సాక్ష్యం చూపిస్తే, కోర్టు దాన్ని ప్రభుత్వ పరం చేయవచ్చు. ఇరుగుపొరుగు వాంగ్మూలాలు, పాత ఫొటోలు, గతంలో పడిన శిక్ష ఉంటే దాని కాపీ దీనికోసమే పోగుచేయాలి. ఇకపై అతను అలాంటి జంతువును ఉంచుకోకుండా నిషేధం కూడా కోరవచ్చు, రెండు షరతులు అదనం: ఆ ప్రాంతంలో ఆ జంతువును ఉంచుకోవడానికి లైసెన్సు అవసరమై ఉండాలి, ఇలాంటి ఉత్తర్వు కోరతామని ఫిర్యాదులోనే రాసి ఉండాలి. పెంపుడు కుక్కలకు లైసెన్సు తప్పనిసరి చేసిన నగరంలో మొదటి షరతు తీరిపోతుంది. రెండోది మీ చేతిలో ఉంది. ఫిర్యాదు చివర, సంతకానికి పైన, ఈ వాక్యం చేర్చండి: "నిందితునికి శిక్ష పడిన పక్షంలో పీసీఏ చట్టం సెక్షన్ 29 కింద జంతువును ప్రభుత్వ పరం చేయాలని, జంతువులను ఉంచుకోకుండా నిషేధించాలని గౌరవ కోర్టును కోరదలచాను."